సముద్ర మొకప్పు డెంత యెత్తున నుండెను?

కృష్ణా గోదావరీ డెల్టాలలో సముద్రమునకు చేరువగానున్న పల్లపు భూములయందు నివసించువారికి నూతుల విషయమున నొక యనుభవము గలదు. ఇసుకమెరకమీద త్రవ్విన నూతిలో మంచినీరు పడును. ఆ మెరక దిగి వరిచేని గట్టున త్రవ్వినచో ఉప్పునీరు పడును. అందుచేతనే ఇండ్లును, తాటితోపులును, కొబ్బరితోటలును, బండిబాటలును తఱచుగా ఈ మెరకల వెంబడినే సాగుచుండును. నడుమనున్న పల్లములు వరికి విడువబడియుండును. ఈ మెరకలు సముద్రపుటొడ్డున కించుమించు సమానాంతరముగా, ఒకదాని వెనుక నొకటిగా, కొన్నియెడల 30 కిలోమీటర్లకు పైగా లోపలివఱకు కానవచ్చును. త్రవ్వునపుడు సముద్రపు గుల్లలు పైకి వచ్చుటయు గలదు. వీనిని జూచి పెద్దలు "పూర్వము సముద్ర మిచ్చటిదాక నుండెడిది" అందురు. ఆ మాట నిజమే.

అయితే ఆ మాట విన్న బాలుడు వెంటనే "అట్లయిన నప్పుడు సముద్రము నేటికంటె నెత్తుగా నుండియుండును" అని యూహించును. ఈ రెండవ మాట మొదటిదానినుండి రాదు. ఊరి చెఱువును దృష్టాంతముగా గైకొందము. వేసవిలో నీరింకి మట్టము తగ్గినపుడు నీటియంచు గట్టునుండి దూరముగా జరుగును. మట్టమేమియు తగ్గకున్నను, బండ్లతో మన్ను తెచ్చి యంచున పోయుచున్నచో నప్పుడును నీటియంచు జరుగును. గట్టుపై నిలిచి చూచువానికి రెండును ఒక్కరీతిగానే కనబడును. మూడవ మార్గమును గలదు: చెఱువుగర్భమే యొకప్రక్క పైకి లేచినచో నీరాప్రక్కనుండి తొలగును. ఊరి చెఱువున కట్టిది సంభవింపదు గాని, భూమికి సంభవించును. కావున తీరము కదలుట యొకటి, సముద్రమట్టము మారుట వేఱొకటి. ఈ భేదమును మఱచినవారు ఎన్ని గుల్లలు పోగుచేసినను ప్రయోజనము లేదు.

ప్రాచీన సముద్రమట్టమును నిర్ణయింపబూనిన శాస్త్రజ్ఞులు తమకు దొరకిన ప్రతి సాక్షిని, అది గుల్లయైనను, పగడమైనను, బురదపొరయైనను, మూడు ప్రశ్న లడుగుదురు. నీవు దొరకిన చోటు నేటి మట్టమునకు ఎంత యెత్తున లేక ఎంత లోతున నున్నది? నీవు బ్రతికియున్న దినములలో నీకును నీటికిని నెంత యెడముండెను? నీ వయస్సెంత? ఈ మూడింటికిని సమాధానము చెప్పజాలని సాక్షి వలన నుపయోగము స్వల్పము. హద్దులు లేని దస్తావేజును, తేదీ లేని దస్తావేజును కచ్చేరీలో చెల్లవుగదా.

మొదటి ప్రశ్న సులభమని తోచును. కొలబద్దతో కొలిచిన చాలుననుకొందుము. కాని కొలుచుచున్న నేల నిలుకడగా నున్నదా యనునది ముందు తేలవలయును. దీనికి ప్రసిద్ధమైన యుదాహరణము ఇటలీదేశమున నేపుల్సు నగరసమీపమునందలి పొజ్జువోలి యను రేవుపట్టణమున గలదు. అచ్చట 1750వ సంవత్సరమున రోమనులకాలపు కట్టడ మొకటి త్రవ్వి బయల్పఱుపబడెను. అందు సెరాపిసు అను దేవుని విగ్రహము లభించుటచే దానికి సెరాపిసు ఆలయమని పేరు వచ్చినది గాని, నిజమున కది యంగడుల ప్రాంగణము. దానియందలి మూడు పెద్ద పాలరాతి స్తంభములు నేటికిని నిలిచియున్నవి. అడుగునుండి సుమారు 12 అడుగుల యెత్తువఱకు స్తంభములు నునుపుగా నుండును. ఆ పైని సుమారు 9 అడుగుల మేర జల్లెడవలె చిల్లులు పడియున్నవి. రాతిని తొలిచి యందు కాపురముండు నొక సముద్రపు ఆలుచిప్ప చేసిన చిల్లులవి. ఆ జంతువు ఉప్పునీటిలోగాని బ్రతుకదు. చార్లెసు లయల్ అను ఆంగ్లేయ భూగర్భశాస్త్రజ్ఞుడు 1828లో ఆ స్తంభములను జూచి, 1830లో ప్రకటించిన తన గ్రంథమునకు వాని చిత్రమునే ముఖచిత్రముగా నుంచెను.

చిల్లులనుబట్టి చరిత్రమును చదువవచ్చును. పొడినేలమీద కట్టిన కట్టడము క్రమముగా దిగి సముద్రములో మునిగినది. అప్పటికే అడుగుభాగము మట్టిలోను బూడిదలోను పూడియుండుటచే అచ్చట చిల్లులు పడలేదు. పిమ్మట నది మఱల పైకి లేచినది. సముద్రమే 20 అడుగులు లేచి దిగినదందుమా, అట్టి గుఱుతులు ఇటలీ తీరమంతటను, ఆవలి తీరములందును కానరావలయును. అవి కానరావు. సముద్ర మొక్క రేవులో మాత్రము పొంగి పొరుగు రేవులో నూరకుండదు. కావున కదలినది నేల. ఆ ప్రాంతము క్రింద అగ్నిపర్వతసంబంధమైన వేడి నేటికిని చల్లారలేదు. 1982 మొదలు 1984 వఱకు గల స్వల్పకాలములో పొజ్జువోలి పట్టణపు నేల సుమారు 1.8 మీటర్లు లేచినది.

అగ్నిపర్వతము లేనిచోట నేల నిలుకడగా నుండునని తలపరాదు. ఇందుకు సాక్షి ఉత్తరమున నున్న స్వీడనుదేశము. మన ఉష్ణమాపకమునకు పేరిచ్చిన సెల్సియసు పండితుడు ఆ దేశపు తూర్పుతీరమున నొక విచిత్రమును గమనించెను. సీలు అను నీటిజంతువులు ఎక్కి పడుకొను బండలు అచ్చటి వేటగాండ్రకు విలువగల యాస్తి. అట్టి బండలు కాలక్రమమున నీటికి మిక్కిలి ఎత్తై, సీలుల కందనివై, నిరుపయోగము లగుచుండెను. సెల్సియసు 1731లో యేవ్లె పట్టణమునకు చేరువనున్న లోవ్‌గ్రుండ్ అను దీవియందు నీటిమట్టమున నొక బండమీద గీత చెక్కించెను. ఆ గీత నేడు నీటికి చాల ఎత్తున నున్నది. సముద్రపు నీరే లోకమంతట తఱిగిపోవుచున్నదని ఆయన యభిప్రాయము. గీత సరియైనదే గాని యభిప్రాయము సరికాదని కాలక్రమమున తేలినది. పూర్వ మాదేశమును కప్పియుండిన మంచుగడ్డ కొన్నిచోట్ల 3 కిలోమీటర్ల మందము గలది. ఆ బరువునకు అణగిన నేల, మంచు కరగి వేలకొలది యేండ్లు గడచినను, ఇంకను మెల్లగా లేచుచునేయున్నది. బోత్నియా సింధుశాఖ యుత్తరభాగమున నా లేచుట యేటికి 8, 9 మిల్లీమీటర్లు. ఆ తీరమున స్కూలె యను కొండమీద, నేటి సముద్రమునకు 286 మీటర్ల యెత్తున, ప్రాచీనమైన అలలరేవు గుఱుతు గలదు. వింత యేమనగా, ఆ రేవున అలలు కొట్టుచుండిన దినములలో ప్రపంచసముద్రము నేటికంటె మిగుల దిగువనుండెను! ఎత్తు నొక్కదానినే చూచి తీర్పు చెప్పువాడు ఇచ్చట పూర్తిగా తలక్రిందు తీర్పు చెప్పియుండును.

అట్లయిన సముద్రముయొక్క సొంత లెక్క ఎచ్చట దొరకును? మంచుగడ్డలకు దూరమై, నేల కదలిక స్వల్పమై, ఆ స్వల్పమునకును లెక్క తెలిసిన చోట దొరకును. అట్టిది వెస్టిండీసు దీవులలోని బార్బడోసు. ఆ దీవి వేయి యేండ్లకు మూడవవంతు మీటరు చొప్పున లేచుచున్నది. ఆ మేర లెక్కలో తీసివేయవచ్చును. దుప్పికొమ్మువలె శాఖలుగా పెరుగు నొక పగడపుజాతి యచ్చట గలదు. అది వెలుతురును, అలల తాకిడిని కోరునదగుటచే సామాన్యముగా నీటిపైమట్టమునకు 5 మీటర్ల లోపలనే పెరుగును. అనగా రెండవ ప్రశ్నకు దాని సమాధానము స్పష్టము. ఫెయిర్‌బ్యాంక్సు అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును దీవికి వెలుపల సముద్రపుటడుగున గొట్టములు దింపి, ఒకదాని క్రింద నొకటిగా చచ్చిపడిన పగడములను పైకి తీసిరి. 1989లో ప్రకటింపబడిన వారి లెక్క ప్రకారము, గొప్ప హిమయుగము ముమ్మరముగానున్న కాలమున, అనగా నేటికి సుమారు 20,000 ఏండ్లకు పూర్వము, సముద్రము నేటికంటె 120 మీటర్ల దిగువన నుండెను. ఆ నీటిలో పెద్దభాగము మంచై ఉత్తర ఖండములమీద నిలిచియుండెను.

ఇక మూడవ ప్రశ్న, వయస్సు. విద్యార్థులు దీనిని కొంచెము శ్రద్ధతో చదువవలయును. ఆకాశమునుండి వచ్చు కిరణముల తాకిడిచే గాలియందలి నత్రజని పరమాణువులలో కొన్ని యొక విధమైన కర్బనముగా మాఱును. దాని భారము 14. ఇది బొగ్గుపులుసు వాయువులో కలిసి చెట్లలోనికిని, చెట్లనుండి జంతువులలోనికిని, సముద్రజలమునుండి గుల్లలలోనికిని ప్రవేశించును. ప్రాణమున్నంతకాలము వ్యయమైనది మరల వచ్చి చేరుచుండును. ప్రాణము పోయిన పిదప రాబడి లేదు, వ్యయము మాత్రమే. 5,730 ఏండ్లకు సగము మిగులును; 11,460 ఏండ్లకు పాతిక మిగులును. మిగిలిన పాలును కొలిచి చచ్చిన కాలమును చెప్పవచ్చును. చికాగో విశ్వవిద్యాలయమున విల్లర్డు లిబ్బీ యను ఆచార్యుడు ఈ పద్ధతిని కనిపెట్టి 1949లో దాని ఫలితములను ప్రకటించెను. అందులకు 1960లో నోబెలు బహుమానము నందెను. సుమారు 50,000 ఏండ్లకు మించినచో మిగులు మిక్కిలి స్వల్పమై గడియారము పనిచేయదు. ఈ లెక్కలలో "ఇప్పటికి ఇన్ని యేండ్ల క్రిందట" అని వ్రాసినపుడు ఆ "ఇప్పుడు" అను మాటకు 1950వ సంవత్సరమని శాస్త్రజ్ఞు లందఱు నొడంబడియున్నారు. లేనిచో ఏటేట పుస్తకము దిద్దవలసివచ్చును!

ఈ గడియారము మంచిదే గాని దీనికిని దోషములు గలవు. గాలిలో ఈ కర్బనముయొక్క పాలు అన్ని కాలములందు నొకటిగా లేదు. బార్బడోసు పగడములనే యురేనియము, థోరియము అను లోహముల నిష్పత్తినిబట్టి వేఱొక పద్ధతిని లెక్కింపగా, సుమారు 20,000 ఏండ్ల వయస్సుగల పగడములకు కర్బనపు లెక్క 3,500 ఏండ్లవఱకు తక్కువ చెప్పుచున్నదని 1990లో తేలినది. అప్పటినుండి కర్బనపు లెక్కను ఇతర గడియారములతో దిద్దుటకు దృఢమైన యాధార మేర్పడినది. చెట్ల వలయములును ఇట్లే తోడ్పడుచున్నవి. మఱియు సముద్రజలము గాలితో వెంటనే కలియదు. లోతులలో చాలకాలము నిలువయుండి పైకి వచ్చును. అందుచే నిన్న చచ్చిన గుల్లకును సామాన్యముగా 400 ఏండ్ల వయస్సున్నట్లు కనబడును! దానిని తీసివేయవలయును, ఆ మొత్తమును ప్రతి సముద్రమునకు వేఱువేఱుగా కనుగొనవలయును.

గడియారమునకంటె సాక్షియే పెద్ద చిక్కు తెచ్చును. తుపానులో ఉప్పెన గుల్లలను అలలకందని యెత్తునకు విసరివేయును. నది పూర్వకాలపు దుంగను గర్భమునుండి పెల్లగించి క్రొత్త యిసుకలో పాతిపెట్టును. వయస్సు సరిగా వచ్చును, కాని అది ఆ పొర వయస్సు కాదు. ఇందుకు పరీక్షలు గలవు. రెండు చిప్పలు గల జంతువు చచ్చి కొట్టుకొనిపోయినచో చిప్పలు విడిపోవును. రెండును మూసికొని, బ్రతికినపుడు నిలిచిన తీరుననే బురదలో నిలిచియున్నచో, అది యచ్చటనే పుట్టి యచ్చటనే గిట్టినదని చెప్పవచ్చును. అట్టి యొక్క గుల్ల, గంపెడు విరుగుడు గుల్లలకంటె మేలు. రాతిమీద అలలు తొలిచిన గాట్లును, సముద్రపు గుహలును చూచుటకు రమ్యములు. ఎత్తును చక్కగ చెప్పును. వయస్సు మాత్రము చెప్పవు. వానికంటుకొని ఆలుచిప్పలేవైన మిగిలియున్ననే వాని మాట చెల్లును.

బురదయొక్క సాక్ష్య మిన్నిటిలో నమ్మదగినది. కాకినాడకు దక్షిణమున కోరంగియొద్ద మడ అడవిని చూచినవారికి దీని కారణము తెలియగలదు. మడచెట్లు పోటునకు మునిగి పాటునకు తేలు నడిమి మేరలోనే పెరుగును. అంతకు దిగువను బ్రతుకవు, ఎగువను నిలువవు. మన తీరమున పెద్దపోటునకును పాటునకును గల యంతరము సుమారు మీటరున్నర. కావున భూమిలో లోతుగా మడవేళ్లతో కూడిన నల్లబురద దొరకినచో, అది పుట్టిననాటి సముద్రమట్టమును మీటరుకు అటునిటుగా చెప్పవచ్చును. వేళ్లు కుళ్లిపోయినను ఆ చెట్ల పుప్పొడి నిలుచును. కంటి కగపడనంతటి చిన్నచిన్న పెంకులుగల జీవులును ఆ బురదలో నుండును. వానిలో నేజాతి యుప్పునీటిదో, ఏజాతి మంచినీటిదో సూక్ష్మదర్శినితో వేఱు చేయవచ్చును. ఇట్లే 1931లో ఇంగ్లండుదేశపు నార్ఫోకు తీరమునకు 25 మైళ్ల దూరమున, నడిసముద్రమున, కొలిండా అను చేపలపడవ వలలో కుళ్లిన మొక్కలు గట్టిపడిన నల్లముద్ద యొకటి పడెను. అందులో కొమ్ముతో చెక్కిన బల్లెపుమొన యుండెను. ఆ ముద్దలోని పుప్పొడి మంచినీటి పల్లమునందలి మొక్కలది. నేడు పడవలు తిరుగు నా చోట నొకప్పుడు మనుష్యులు వేటాడిరనుటకు అంతకంటె సాక్ష్య మేమి కావలయును?

బురదకును దోష మొకటి గలదు. పైబరువునకు అణగి పలుచనగును. 6 మీటర్ల లోతున దొరకిన పొర, పుట్టినపుడు 4 మీటర్ల లోతుననే యుండియుండవచ్చును. కావున క్రింద గట్టిరాయిగాని గట్టియిసుకగాని యున్నచోట, దానిపై మొట్టమొదట పడిన పొరనే తీసికొనుట వాడుక. అది యణగుటకు దాని క్రింద మెత్తనిదేమియు లేదు.

ఇసుకకు మాత్రము కర్బనము లేదు. మన డెల్టాల మెరకలన్నియు నిసుకయే కదా, వాని వయస్సెట్లు? దీనికి 1985లో హంట్లీ మొదలగువారు వెలుతురును ఆధారముగా జేసిన మార్గము చూపిరి. పలుగురాతి యిసుకరేణువు భూమిలో కప్పబడియున్నంతకాలము చుట్టునున్న మన్నునుండి వెలువడు సూక్ష్మకిరణముల శక్తిని కొంచెము కొంచెముగా కూడబెట్టుకొనును. ఎండ తగిలినతోడనే ఆ కూడబెట్టినదంతయు ఖర్చగును. కావున చీకటిలో త్రవ్వి తీసి, చీకటిగదిలో దానిపై కొలతకు తగిన వెలుగు ప్రసరింపజేసిన, అది మినుకుమను కాంతి విడుచును. ఆ కాంతియే అది కడపటిసారి యెండను జూచిన దిన మెన్నడో చెప్పును. విశాఖపట్టణమునకును భీమునిపట్టణమునకును నడుమనున్న ఎఱ్ఱమట్టిదిబ్బల యిసుక నీ విధముగ పరిశీలింపగా, అది గొప్ప హిమయుగమునకు సంబంధించిన దీర్ఘకాలమున పేరుకొన్నదని తేలినది. సముద్రము తగ్గి, అడుగునేల యెండలో బయటపడియున్నప్పుడు గాలి తెచ్చిన యిసుక యందు చాల భాగమని శాస్త్రజ్ఞుల యూహ. చూడముచ్చటయైన యా గండ్లలో నడచువారు తాము మునిగిపోయిన తీరమొకదాని దుమ్ముమీద నడచుచున్నామని యెఱుగరు.

ఈ పరికరములన్నియు చేతబట్టి, మొదట చెప్పిన మెరకలకడకు మరలుదము. 20,000 ఏండ్ల క్రిందట మన తూర్పుతీరము నేటి యొడ్డునకు పదులకొలది కిలోమీటర్ల వెలుపల నుండెను. గోదావరీ కృష్ణలు ఆ దూరపు సముద్రమును చేరుటకై లోతైన లోయలు త్రవ్వుకొని ప్రవహించుచుండెను. విశాఖపట్టణమునకు వెలుపల, లోతునీటి యడుగున, చేపగ్రుడ్లవలె గుండ్రనైన సున్నపు రేణువుల యిసుక దొరకినది. అట్టి రేణువులు లోతులేని వెచ్చని నీటిలో తప్ప పుట్టవు. పిమ్మట మంచు కరగసాగినది. సముద్రము మెట్లెక్కినట్లు లేచినది. సుమారు 14,600 ఏండ్ల క్రిందట నొకసారి, కొలది శతాబ్దములలోనే 15 మీటర్లకు పైగా పొంగినదని బార్బడోసు, తాహితి పగడములు చెప్పుచున్నవి. 7,000, 6,000 ఏండ్ల క్రిందటికి ఆ పొంగు చల్లారి, సముద్రము నేటి మట్టమునకు దాదాపు చేరినది. నదుల లోయలు మునిగి యుప్పుకయ్యలైనవి.

సముద్రము నిలువగానే నదులకు బల మెక్కువయ్యెను. అవి తెచ్చు నొండ్రు కయ్యలను పూడ్చి, అటుపై సముద్రములోనికి చొచ్చుకొనిపోయెను. అలలు ఆ యిసుకను ఒడ్డువెంబడి ప్రోగుచేసి మెరకలుగా దీర్చెను. ఒక మెరక ముగిసిన కొంతకాలమునకు దానిముందు వేఱొక మెరక. కొల్లేటికి దక్షిణమున నున్న మెరక లందుకు తార్కాణములు. ఆ దినములలో కొల్లేఱు సముద్రమున కానుకొనియున్న ఉప్పుకయ్య. నే డది మంచినీటి సరస్సు. సముద్రము 35 కిలోమీటర్ల దూరమున, ఉప్పుటేటి చివర నున్నది. క్రీస్తుశకము 2వ శతాబ్దమున టాలమీ పేర్కొనిన కొంటకొస్సిల యను వర్తకస్థానము కృష్ణా డెల్టాలోని ఘంటసాలయే యని చరిత్రకారులు గుర్తించిరి. ఆ యూరు నేడు సముద్రమునకు చాల లోపల నున్నది. ఇన్ని కిలోమీటర్ల మార్పునకు సముద్రమట్టము దిగనక్కఱలేదు. దిగినదను నిర్బంధమును లేదు. చెఱువుగట్టున బండ్లతో మట్టి పోసినవి నదులు.

సుమారు 6,000 ఏండ్ల క్రిందట మన తీరమున సముద్రము నేటికంటె ఒకటి రెండు మీటర్లు ఎత్తున నుండెనని కొందఱి యభిప్రాయము. అది యసంభవము కాదు. మంచు కరగిన నీటిబరువునకు సముద్రగర్భము క్రుంగి, తీరము రవంత లేచుటచే అట్టి గుఱుతులు ఉష్ణమండలమునందలి పెక్కు తీరములందు కలవు. కాని మెరకల శిఖరముల యెత్తునుబట్టి ఆ మాట చెప్పుట నాకు సమ్మతము కాదు. శిఖరమును గాలియు తుపానును పేర్చును. ఏ మెరకలో నైనను అలలు పఱచిన యిసుకయు, దానిపై గాలి పోసిన యిసుకయు కలియు గీత యొకటి యుండును. ఆ గీతయొక్క యెత్తు కొంత నమ్మదగినది. మడబురద యింకను నమ్మదగినది.

ఈ వివాదము పండితుల వినోదము మాత్రమే యని పల్లపుగ్రామములవారు తలపరాదు. ప్రపంచసముద్రము 1900వ సంవత్సరమునుండి సుమారు 20 సెంటీమీటర్లు లేచినది. 1993నుండి ఉపగ్రహములతో కొలువగా ఏటికి సగటున 3 మిల్లీమీటర్లకు పైగా లేచుచున్నది. మన డెల్టాలలో దీనికితోడు బురద తనంతట తా నణగుచున్నది. నూతులనుండి నీటిని తోడుటచే నది యధికమగును. పూర్వ మేటేట నది తెచ్చిన క్రొత్త యొండ్రు ఆ యణగుదలను పూడ్చెడిది. ఇప్పుడు ఎగువనున్న జలాశయములలో నా యొండ్రులో పెద్దభాగము నిలిచిపోవుచున్నది. కాకినాడకు ఉత్తరమున ఉప్పాడయొద్ద అలలు ఇండ్లను, బాటను పలుమార్లు కోసివేసినవి. సముద్రము లేచుటచే నింత, నేల దిగుటచే నింత, ఒడ్డువెంట రావలసిన యిసుక రాకపోవుటచే నింత, అని పంచి చెప్పగలిగిననే ప్రతిక్రియ నిర్ణయింపవచ్చును. గోడ కట్టుటచే ఇసుక రాదు. ఇసుక పోసినంతమాత్రాన నేల దిగుట ఆగదు. ఆ పంపకమునకు పూర్వపు లెక్కయే పునాది. మనుష్యుని చేయి పడకముందు ఈ నేల వేయి యేండ్లకు ఎంత దిగుచుండెనో మడబురదలు చెప్పును గాని మఱెవ్వరును చెప్పలేరు.

తీరగ్రామములనుండి మన పాఠశాలకు వచ్చు విద్యార్థులు చేయదగిన పని యొకటి గలదు. ఇంటియొద్ద నూయిగాని చెఱువుగాని త్రవ్వునపుడు, పొర మాఱిన ప్రతిచోట దాని రంగును, నేలనుండి లోతును ఒక కాగితముపై వ్రాసి తేదీ వేయవలయును. గుల్ల దొరకిన, అది ఏ పొరలో, రెండు చిప్పలు కలిసియుండెనా విడిగా నుండెనా గుర్తింపవలయును, కడిగి మెఱుగుపెట్టవలదు. నూతి యొరయొక్క యెత్తు సముద్రమట్టమునకు ఎంతయో తెలియనిదే ఆ కాగితమునకు విలువ లేదు. అందులకు సర్వే ఆఫ్ ఇండియావారి మట్టపురాళ్లు కొన్ని గ్రామములలోను రైలుస్టేషనులలోను గలవు. వానిపై గుఱుతు చెక్కబడియుండును. ఆ రాళ్లకు మూలమైన మట్టమును 1909లో తొమ్మిది రేవుల పోటుపాటుల లెక్కలనుండి నిర్ణయించిరి. ఆ తొమ్మిదింటిలో మన విశాఖపట్టణ మొకటి. ఇసుకను మాత్రము పగటివెలుతురున త్రవ్వి తీసిన వయోనిర్ణయమునకు పనికిరాదు. దానిని తీయవలసినచో వెలుగు చొరని ఇనుపగొట్టమును పొరలోనికి అడ్డముగా కొట్టి, రెండు కొనలను నల్లగుడ్డతో గట్టిగా బిగించి, ప్రయోగశాల చేరువఱకు విప్పకుండ నుంచవలయును.